తెల్ల మచ్చ చెప్పేదెంత? మొక్కల సారంలో ఎంజైమ్ నిరోధకాల వేట

మాటలు త్వరగా రావాలని పసిపిల్లలకు వస పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. వసకొమ్మును సాన మీద అరగదీసి, ఆ గంధాన్ని తల్లిపాలలోనో తేనెలోనో రంగరించి నాలుకకు రాస్తారు. గలగలా మాట్లాడే పిల్లను ఇప్పటికీ ‘వసపిట్ట’ అనే పిలుస్తాం. బుద్ధికి, జ్ఞాపకానికి మేలు చేసే మూలికల్లో ఆయుర్వేదం కూడా వసకు చోటిచ్చింది. తరాలుగా నడిచిన ఈ నమ్మకాన్ని నెత్తిన పెట్టుకోవడం తేలిక, కొట్టిపారేయడం ఇంకా తేలిక. ఈ రెండూ కాకుండా, వసలో ఉన్న ఏ పదార్థం మన మెదడులోని ఏ ఎంజైమును తాకుతుందో అడిగి తెలుసుకోవడమే కష్టం. ఆ ప్రశ్న అడగడానికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. అరచేయంత అల్యూమినియం రేకు, దాని మీద పలుచగా పరిచిన సిలికా పొడి, రెండు మూడు ద్రావణాలు ఉంటే చాలు. ఒక పూటలో జవాబు కళ్ల ముందు తెల్ల మచ్చగా తేలుతుంది. ఆ మచ్చను ఎలా రప్పిస్తారో, అది మనకు చెప్పేదెంతో, చెప్పిందని మనం పొరబడేదెంతో వివరించడానికే ఈ వ్యాసం.

ముందు ఎంజైమ్ సంగతి. ఒక నరం నుంచి ఇంకో నరానికి, నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనాల్లో అసిటైల్‌కోలిన్ ఒకటి. నరాలు రసాయనాలతో మాట్లాడుకుంటాయని ఆటో లోవీ 1921లో కప్ప గుండెల మీద చేసిన ప్రయోగంతో చూపించాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. కబురు అందిన వెంటనే ఆ రసాయనం అక్కడి నుంచి తప్పుకోవాలి, లేకపోతే తరువాతి కబురుకు దారి ఉండదు. దాన్ని తుంచి పారేసే పని అసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైముది. దీని వేగం అసాధారణం: ఒక్క ఎంజైమ్ అణువు సెకనుకు వేల సంఖ్యలో అసిటైల్‌కోలిన్ అణువులను తుంచగలదు.

అల్జీమర్స్ జబ్బులో అసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే నాడీకణాలు మెల్లమెల్లగా నశిస్తాయి. ఉత్పత్తి తగ్గినప్పుడు ఉన్నదాన్నైనా కాస్త ఎక్కువసేపు నిలబెట్టుకోవాలి. అందుకు తుంచే ఎంజైమును నెమ్మదింపజేయడం ఒక మార్గం. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ అనే మందులు చేసే పని ఇదే. ఇలా ఎంజైమును ఆపే పదార్థాన్నే నిరోధకం అంటారు. జబ్బును ఇవి ఆపలేవు, లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి. ఈ మూడింటిలో రెండు మందులకు మొక్కలతో నేరుగా చుట్టరికం ఉంది. గాలంటమిన్‌ను 1952లో సోవియట్ యూనియన్ శాస్త్రవేత్తలు స్నోడ్రాప్ జాతి దుంప నుంచి వేరు చేశారు. బల్గేరియాలో దిమితర్ పాస్కొవ్ దాన్ని మందుగా తీర్చిదిద్దాడు. 2001లో అమెరికాలో అల్జీమర్స్‌కు అనుమతి వచ్చింది. రివాస్టిగ్మిన్ నమూనా మరీ పాతది. ఇప్పటి నైజీరియాలోని కలబార్ ప్రాంతంలో నేరం మోపబడినవాళ్ల చేత ఒక రకం చిక్కుడు గింజ తినిపించేవారు. వాంతి చేసుకుని బతికితే నిర్దోషి, చనిపోతే దోషి. ఆ గింజలోని విషమైన ఫైసోస్టిగ్మిన్‌ను 1864లో వేరు చేశారు. రివాస్టిగ్మిన్ ఆ అణువు పోలికతో కట్టినదే.

విషం, మందు ఒకే ఎంజైమ్ దగ్గర కలుస్తాయన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. మన పత్తి చేలలో ఏళ్ల తరబడి చల్లిన మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు చంపేది కూడా ఈ ఎంజైమును పట్టేసే. పురుగుమందు తాగినవారికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఎక్కించేది, తుంచేవాడు లేక పేరుకుపోయిన అసిటైల్‌కోలిన్ చేసే చెరుపును అడ్డుకోవడానికి. ఈ విషయం వ్యాసంలో మళ్లీ వస్తుంది, అప్పుడు ఇంకో రూపంలో.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక ఆకునో వేరునో మిథనాల్‌లో నానబెట్టి వడకడితే వచ్చే సారంలో వందల రకాల అణువులు ఉంటాయి. దాన్ని నేరుగా పరీక్షగొట్టంలో ఎంజైముతో కలిపి చూస్తే ఒక అంకె వస్తుంది: ఇంత శాతం నిరోధం అని. ఆ అంకె ఎవరిది? వందమంది ఒక్కసారిగా మాట్లాడే గదిలో శబ్దం ఎంతుందో కొలిచినట్టే అది. ఎవరు మాట్లాడారో, ఎవరు ఊరుకున్నారో తెలియదు. పైగా ఆకుపచ్చని క్లోరోఫిల్ రంగు కొలతకు అడ్డం వస్తుంది. కరక్కాయలోనూ తుమ్మబెరడులోనూ దండిగా ఉండే టానిన్లు ఏ ప్రొటీను కనబడినా దాన్ని పట్టుకుని ముద్ద చేస్తాయి. తోలు పదును పెట్టడానికి వాటిని వాడేది ఆ గుణం కోసమే. ఎంజైమ్ కూడా ప్రొటీనే కాబట్టి టానిన్ ఉన్న ప్రతి సారమూ ఎంజైమును ఆపినట్టే కనిపిస్తుంది. మరోవైపు నిజంగా గట్టి నిరోధకం సారంలో చాలా తక్కువ పాళ్లలో ఉంటే, మిగతా గుంపులో దాని గొంతు వినబడదు.

పాత పద్ధతిలో దీనికి విరుగుడు, సారాన్ని సిలికా లాంటి పొడి నింపిన నిలువు గొట్టం (కాలమ్) మీద పోసి ముక్కలుగా విడదీయడం, ప్రతి ముక్కనూ పరీక్షించడం, పనిచేసిన ముక్కను మళ్లీ విడదీయడం. నెలలు పట్టే పని. తీరా చివరికి వెళ్లాక గుణం ఏ మెట్టు దగ్గర జారిపోయిందో తెలియక నిట్టూర్చిన పరిశోధక విద్యార్థులు ఎందరో. విడదీయడమూ పరీక్షించడమూ ఒకే చోట, ఒకే పూటలో జరిగితే ఎంత బాగుంటుందన్న కోరికే ఈ పద్ధతిని పుట్టించింది.

విడదీసే భాగం మనలో చాలామంది బడిలో చూసిందే. సుద్దముక్క అడుగు నుంచి కాస్త పైన సిరాచుక్క పెట్టి, దాన్ని కొద్దిపాటి నీళ్లలో నిలబెడితే, నీరు పైకి పాకే కొద్దీ ఒక్క నల్ల చుక్క నుంచి నీలం, ఎరుపు, పసుపు చారలు విడివడతాయి. పలుచని పొర క్రొమటోగ్రఫీ కూడా అంతే. సుద్ద బదులు రేకు మీద దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందాన పరిచిన సిలికా, నీళ్ల బదులు తగిన ద్రావణి. సిలికాను గట్టిగా పట్టుకునే అణువులు కిందనే ఉంటాయి, ద్రావణితో చెలిమి ఎక్కువున్నవి పైకి పోతాయి. మచ్చ ప్రయాణించిన దూరాన్ని ద్రావణి ప్రయాణించిన దూరంతో భాగిస్తే వచ్చేదే ఆర్‌ఎఫ్ విలువ. ఈ పద్ధతికి బీజం వేసింది 1938లో ఖార్కివ్‌లో ఇజ్మాయిలోవ్, ష్రైబర్ అనే ఇద్దరు. వాళ్లు మొదటగా విడదీసినవి కూడా మందుల తయారీలో వాడే మొక్కల సారాలే. తరువాత 1950ల రెండో సగంలో జర్మనీకి చెందిన ఎగన్ స్టాల్ దీన్ని ప్రపంచమంతా ఒకే తీరుగా చేసుకోగలిగే పద్ధతిగా మార్చాడు.

విడదీసిన పదార్థాల మీదే జీవపరీక్ష చేయడం ఇంకో పాయ. 1946లో పెన్సిలిన్‌లను కాగితం మీద విడదీసి, ఆ కాగితాన్ని సూక్ష్మజీవులు పెరిగే పోషక పదార్థం మీద పరిచారు. మందు ఉన్న చోట సూక్ష్మజీవి పెరగలేదు. సూక్ష్మజీవి స్థానంలో ఎంజైమును పెట్టడం దాని తరువాతి మెట్టు. 1960లలోనే ఆహారంలో పురుగుమందుల అవశేషాలను పట్టుకోవడానికి పశువుల కాలేయం నుంచి తీసిన ఎస్టరేజ్‌ను ప్లేట్ల మీద చల్లేవారు. అంటే విషాన్ని పట్టడానికి పుట్టిన ఉపాయం తరువాత మందును వెతకడానికి అక్కరకొచ్చింది. మొక్కల సారాల విషయంలో దీనికి స్థిరమైన రూపం ఇచ్చినవి రెండు పనులు: 2001లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫెర్పోర్ట్ బృందం చేసినది, 2002లో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో హోస్టెట్‌మన్ బృందం చేసినది.

రెండో పద్ధతిని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మన కళాశాలల ప్రయోగశాలల్లో చేయడానికి అదే అనువుగా ఉంటుందని నా అభిప్రాయం.

రేకు అడుగు అంచుకు ఒక సెంటీమీటరు పైన పెన్సిలుతో సన్నని గీత గీస్తారు. పెన్ను పనికిరాదు, దాని సిరా కూడా పైకి పాకుతుంది. ఆ గీత మీద గాజు కేశనాళికతో సారాన్ని చుక్కగా పెడతారు. చుక్క చిన్నదిగా ఉండాలి, ఆరాక దాని మీదే మరో చుక్క. పక్కనే తెలిసిన నిరోధకం, అంటే గాలంటమిన్ లేదా ఫైసోస్టిగ్మిన్ చుక్క ఒకటి పెడతారు. మూత ఉన్న గాజు తొట్టిలో ద్రావణి పోసి, దాని ఆవిరి నిండాక రేకును నిలబెడతారు. వస సారమైతే టోలీన్‌లో కొద్దిగా ఇథైల్ అసిటేట్ కలిపితే, వసనూనెలోని ముఖ్య పదార్థాలైన ఆసరోన్‌లు చక్కగా విడివడతాయి. ద్రావణి పై అంచుకు కాస్త దిగువకు రాగానే రేకు తీసి పూర్తిగా ఆరబెడతారు. ఈ ‘పూర్తిగా’ అన్న మాటను తేలిగ్గా తీసుకున్నవాళ్లంతా దెబ్బతిన్నారు. నేనూ తిన్నాను. ఆల్కలాయిడ్ల (మొక్కల్లోని క్షారగుణమున్న నైట్రోజన్ పదార్థాల) కోసం డైఇథైల్ అమీన్ కలిపిన ద్రావణి వాడి, పది నిమిషాల్లో ఆరిందనుకుని ఎంజైమ్ చల్లాను. రేకు మొత్తం పాలిపోయింది. సారమంతా నిరోధకమేనేమోనని ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. నిజానికి మిగిలిపోయిన అమీన్ క్షారగుణమే ఎంజైమును చంపేసింది. ద్రావణిలో ఫార్మిక్ ఆమ్లమో అసిటిక్ ఆమ్లమో ఉన్నా ఇదే జరుగుతుంది.

ఆరిన రేకు మీద ఎంజైమ్ ద్రావణాన్ని సన్నని తుంపరగా చల్లుతారు. ఎంజైమును ఎక్కువగా విద్యుత్ ఈల్ చేప నుంచి గాని ఆవు ఎర్ర రక్తకణాల నుంచి గాని తీస్తారు. దాన్ని పీహెచ్ 7.8 ఉన్న ట్రిస్ బఫర్‌లో, అంటే ఆమ్ల క్షార గుణాన్ని మారకుండా నిలబెట్టే ద్రావణంలో కరిగించి, తోడుగా ఆవు రక్తపు ఆల్బుమిన్ కలుపుతారు. ఆల్బుమిన్ లేకపోతే సిలికా రేణువుల మీద పడ్డ ఎంజైమ్ ఆకారం చెదిరి పని మానేస్తుంది. ఆ రేకును మూత ఉన్న డబ్బాలో, అడుగున తడి దూది పరిచి, నీరు తగలకుండా ఎత్తు మీద పెట్టి, 37 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు ఉంచుతారు. మన ఒంటి వేడి అది. ఎంజైముకు అంతకంటే హాయి ఇంకేముంటుంది?

ఆ తరువాత రెండు ద్రావణాలను అప్పటికప్పుడు కలిపి చల్లుతారు. ఒకటి ఆల్కహాల్‌లో కరిగించిన 1-నాఫ్తైల్ అసిటేట్, రెండోది నీటిలో కరిగించిన ఫాస్ట్ బ్లూ బి లవణం. ఎంజైమ్ ప్రాణంతో ఉన్న చోట నాఫ్తైల్ అసిటేట్‌ను తుంచి నాఫ్తాల్‌ను విడుదల చేస్తుంది. ఆ నాఫ్తాల్ వెంటనే ఫాస్ట్ బ్లూ బితో కలిసి ఊదారంగు ఎక్కుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో రేకంతా పండిన నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. నిరోధకం కూర్చున్న చోట మాత్రం ఎంజైమ్ పనిచేయదు, నాఫ్తాల్ పుట్టదు, రంగు రాదు. ఊదా నేల మీద తెల్ల మచ్చ. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడలేదు. గాలంటమిన్ అయితే నానోగ్రాముల్లో ఉన్నా మచ్చ కనబడుతుంది. అందుకే పరీక్షగొట్టంలో గుంపు మధ్య వినబడని గొంతు ఇక్కడ విడిగా వినబడుతుంది. జాగ్రత్త ఒకటి చెప్పాలి: ఫాస్ట్ బ్లూ బి క్యాన్సర్ భయం ఉన్న రసాయన కుటుంబానికి చెందినది. గాలి లాగే పెట్టె లోపల, చేతొడుగులతో మాత్రమే చల్లాలి.

లైడెన్ పద్ధతిలో రంగులు వేరు. అక్కడ ఎంజైముకు అసిటైల్‌థయోకోలిన్ తినిపిస్తారు. అది తునిగి పుట్టే థయోకోలిన్ ఎల్‌మన్ కారకంతో కలిసి పసుపు రంగు ఇస్తుంది. పసుపు నేల మీద తెల్ల మచ్చలు చూడాలి. 1961 నుంచి ద్రావణాల్లో ఎంజైమ్ వేగాన్ని కొలవడానికి వాడుతున్న రసాయనమే అది. నమ్మకమైనదే. కాని పసుపు మీద తెలుపును మన కన్ను అంత సులువుగా గుర్తుపట్టదు, పైగా పసుపుకొమ్ము లాంటి సారాల్లో సహజంగా ఉన్న రంగు అడ్డొస్తుంది.

ఇక ఈ పద్ధతికి ప్రాణమైన అనుమానం. రంగు రాకపోవడానికి ఎంజైమ్ ఆగిపోవడం ఒక్కటే కారణమా? కాదు. రంగు పుట్టడానికి రెండు మెట్లున్నాయి: ఎంజైమ్ తుంచడం, తునిగినది రంగు కారకంతో కలవడం. సారంలోని అణువు రెండో మెట్టుకు అడ్డం పడినా మచ్చ తెల్లగానే ఉంటుంది. ఎంజైమ్ అక్కడ హాయిగా పనిచేస్తూనే ఉండవచ్చు. దొంగను పట్టుకోవలసిన కుక్క మొరగలేదంటే దొంగ రాలేదని అర్థమా, కుక్క గొంతు పోయిందని అర్థమా? ఆల్డిహైడ్లు, కొన్ని అమీన్లు ఇలాంటి అబద్ధపు మచ్చలు పుట్టిస్తాయని లైడెన్ బృందమే 2003లో విడిగా చూపించింది.

దీన్ని పట్టుకోవడానికి మార్గం చిన్నది, కాని తప్పనిసరి. అదే సారంతో, అదే ద్రావణిలో రెండో రేకు నడిపించాలి. దాని మీద ఎంజైమ్ చల్లకుండా, ఎంజైమ్ తుంచితే పుట్టే నాఫ్తాల్‌నే నేరుగా చల్లి, తరువాత ఫాస్ట్ బ్లూ బి చల్లాలి. ఇప్పుడు ఎంజైమ్ ప్రమేయమే లేదు కాబట్టి రేకంతా ఒకే తీరుగా ఊదారంగు రావాలి. అక్కడ కూడా అదే ఎత్తులో తెల్ల మచ్చ కనబడితే మొదటి రేకు మీది మచ్చ అబద్ధం. కనబడకపోతే ఎంజైమ్ నిజంగా ఆగిందనుకోవచ్చు. పసుపు పద్ధతిలో ఎంజైమునూ దాని ఆహారాన్నీ ముందే కలిపి, తునకలు తయారయ్యాక చల్లి ఇదే పని చేస్తారు. రెండో రేకుకు పట్టేది ఇంకో గంట. ఆ గంటను మిగుల్చుకోవాలని చూసి, ఒకే రేకు ఫోటోతో ‘ఈ మొక్కలో అల్జీమర్స్ మందు’ అని రాసే పత్రాలు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఆ మొక్కను నమ్మి కొనేది మతిమరుపు ముదిరిన తల్లినో తండ్రినో ఇంట్లో పెట్టుకుని అల్లాడుతున్న కుటుంబాలు.

అబద్ధం రెండో వైపు నుంచి కూడా వస్తుంది. మచ్చ లేదంటే నిరోధకం లేదని కాదు. నూనె గుణమున్న పదార్థాలు రేకును ఆరబెట్టేటప్పుడే ఆవిరైపోవచ్చు. వస విషయంలో వేడిగాలి పెట్టే యంత్రంతో ఆరబెడితే మనం వెతుకుతున్నదే గాలిలో కలిసిపోతుంది. ఆసరోన్‌లకు ఆ ముప్పు ఉంది కాబట్టి చల్లగాలిలోనే ఆరనివ్వాలి. మరికొన్ని అణువులు చుక్క పెట్టిన చోటే అతుక్కుని కదలవు, గుంపుగా ఒకే మచ్చ కింద దాక్కుంటాయి. ఇంకా కొన్ని సారాల్లో రెండు మూడు అణువులు కలిసి ఉంటేనే బలం. విడదీసిన మరుక్షణం ఆ బలం మాయమవుతుంది. విడదీయడం ఈ పద్ధతి బలం, దాని హద్దు కూడా అదే.

పురుగుమందుల మాట మళ్లీ తీస్తానన్నాను. మొక్కను సేకరించే చోటు గురించి ఆలోచించండి. మన జిల్లాల్లో ఔషధ మొక్కలు ఎక్కువగా దొరికేవి చేల గట్ల మీద, కాలువల ఒడ్డున. పక్కనున్న పత్తికో మిరపకో మందు చల్లినప్పుడు తుంపర గాలికి వచ్చి గట్టు మీది ఆకుల మీద వాలుతుంది. ఆ ఆకును తెచ్చి సారం తీస్తే, రేకు మీద చక్కటి, గట్టి తెల్ల మచ్చ వస్తుంది. రెండో రేకు పరీక్షలోనూ నెగ్గుతుంది, ఎందుకంటే ఎంజైమ్ నిజంగానే ఆగింది. ఆపింది మాత్రం మొక్క కాదు, డబ్బాలో వచ్చిన మందు. ఈ పద్ధతి పుట్టిందే పురుగుమందులు పట్టడానికి అని మరిచిపోతే మోసపోవడం ఖాయం. కాబట్టి ఒకే మొక్కను దూరదూరంగా ఉన్న రెండు మూడు చోట్ల నుంచి తేవాలి, వాటిలో ఒకటైనా చేలకు దూరంగా పెరిగినదై ఉండాలి. మచ్చ అన్నిటిలోనూ అదే ఎత్తులో వస్తేనే మొక్కకు ఆ గొప్ప దక్కుతుంది.

మొక్క పేరు దగ్గర కూడా ఇంతే జాగ్రత్త కావాలి. ‘బ్రహ్మి’ అని అడిగితే ఒక అంగట్లో నీటి ఒడ్డున పాకే బకోపా మొన్నియరీ ఇస్తారు, ఇంకో అంగట్లో సరస్వతి ఆకు అని మనం పిలిచే సెంటెల్లా ఏషియాటికా ఇస్తారు. రెండూ జ్ఞాపకశక్తికి పేరున్నవే, కాని కుటుంబాలు వేరు, లోపలి రసాయనాలు వేరు. నమూనాను ఆరబెట్టి కాగితానికి అంటించి, వృక్షశాస్త్రం తెలిసినవారి చేత పేరు నిర్ధారింపజేయకుండా చేసిన రేకు, ఎంత అందంగా వచ్చినా, దేని గురించి మాట్లాడుతున్నదో దానికే తెలియదు.

మచ్చ నిజమని తేలాక పని మొదలవుతుంది. ఎంజైమ్ చల్లకుండా ఉంచిన మరో రేకు మీద అదే ఎత్తులో సిలికాను గీరి, మిథనాల్‌తో కడిగి, వచ్చిన దాన్ని అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరులో చూస్తారు. ఇప్పుడు రేకు మీది మచ్చను నేరుగా యంత్రంలోకి పీల్చుకునే పరికరాలు కూడా వచ్చాయి. అది ఏ అణువో తేలాక దాన్ని శుద్ధంగా తయారుచేసుకుని, ద్రావణంలో ఎల్‌మన్ పద్ధతితో కొలవాలి. సగం ఎంజైమును ఆపడానికి ఎంత గాఢత కావాలో అప్పుడు అంకె వస్తుంది. దాన్నే ఐసీ50 అంటారు. రేకు మీద పెద్ద మచ్చ బలమైన నిరోధకానికి గుర్తు కావచ్చు, బలహీనమైన నిరోధకం ఎక్కువ మోతాదులో ఉన్నా మచ్చ పెద్దదే. మచ్చ వైశాల్యాన్ని చూసి బలాన్ని అంచనా వేయడం ఈ రంగంలో పదే పదే జరిగే పొరపాటు.

ఐసీ50 వచ్చినా మందు వచ్చినట్టు కాదు. ఆ అణువు కడుపులో నిలవాలి, రక్తంలోకి చేరాలి, రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ దాటాలి. మెదడులో తప్ప మిగతా చోట్ల ఎంజైమును మరీ ఎక్కువ ఆపితే వాంతులు, విరేచనాలు, గుండె వేగం పడిపోవడం లాంటివి మొదలవుతాయి. గాలంటమిన్ లాంటి నిరూపిత మందును కూడా చిన్న మోతాదుతో మొదలుపెట్టి రోజుకు 16 నుంచి 24 మిల్లీగ్రాముల దాకా మెల్లగా పెంచేది అందుకే.

ఇదే ఉపాయంతో ఇతర ఎంజైములనూ పరీక్షిస్తున్నారు. మధుమేహం కోసం పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఆల్ఫా గ్లూకోసిడేజ్, గౌట్ కోసం యూరిక్ ఆమ్లాన్ని తయారుచేసే జాంథీన్ ఆక్సిడేజ్, చర్మపు నలుపు కోసం టైరోసినేజ్, కొవ్వు జీర్ణం కోసం లైపేజ్. ఎంజైముకు తగ్గ ఆహారం, ఆ ఆహారం తునిగితే రంగు చూపే కారకం దొరికితే చాలు. అబద్ధపు మచ్చల బెడద మాత్రం అన్నిటిలోనూ ఉంది. ప్రతి ఎంజైముకూ దాని రెండో రేకును కొత్తగా ఆలోచించుకోవాలి.

మన ఫార్మసీ కళాశాలల్లోనూ డిగ్రీ కళాశాలల రసాయనశాస్త్ర విభాగాల్లోనూ ఈ పని విరివిగా జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఖరీదైన యంత్రం లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. తుంపర చల్లే సీసా, గాజు తొట్టి, స్థిరమైన వేడినిచ్చే పెట్టె దాదాపు అన్ని చోట్లా ఉన్నాయి. ఖర్చంతా ఎంజైముది, దాన్ని చిన్న చిన్న భాగాలుగా చేసి గడ్డకట్టించి దాచుకుంటే ఒక్క సీసా చాలా రేకులకు వస్తుంది. అన్నిటికీ మించి, విద్యార్థికి తన కళ్ల ముందే మచ్చ తేలుతుంది. అది నిజమో అబద్ధమో తేల్చుకునే రెండో రేకు కూడా తన చేతుల్లోనే ఉంటుంది.

మళ్లీ వస దగ్గరికి వద్దాం. వసనూనెలో ప్రధానమైనవి ఆల్ఫా ఆసరోన్, బీటా ఆసరోన్. రెండూ అసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్‌ను ఆపుతాయని, వాటిలో బీటా బలమైనదని పరీక్షగొట్టం ప్రయోగాల్లో తేలింది. ఫైసోస్టిగ్మిన్ ముందు మాత్రం రెండూ దిగదుడుపే. అంటే వస రేకు మీద తెల్ల మచ్చ రావడానికి గట్టి కారణం ఉంది. పిల్లలకు మాటలు వస్తాయన్నదానికి ఇది రుజువు కాదు. పసిపాప మెదడులో అసిటైల్‌కోలిన్ కొరత తీర్చవలసిన జబ్బేదీ లేదు. ఇంకో సంగతి: ఇదే బీటా ఆసరోన్ ఎలుకల్లో కణితులు పుట్టిస్తుందని తేలడంతో 1968లో అమెరికా వసను, వసనూనెను ఆహారపదార్థాల్లో నిషేధించింది. మనం బుద్ధి కోసం వెతికిన మచ్చ, భయపడవలసిన మచ్చ రేకు మీద ఒకే ఎత్తులో ఉన్నాయి.

అన్ని వసలూ ఒకటి కావు. ఉత్తర అమెరికాలో పెరిగే, రెండు సెట్ల క్రోమోజోములున్న (డిప్లాయిడ్) రకంలో బీటా ఆసరోన్ దాదాపు ఉండదు. మన దేశంలో దొరికే వసలో సాధారణంగా ఎక్కువ. పెద్దవాళ్లు కొన్ని ఇళ్లలో కొమ్మును నేరుగా అరగదీయరు, ముందు దీపం మీద నల్లగా కాల్చి, ఆ మసిని రంగరిస్తారు. నూనె వేడికి ఆవిరయ్యేదే కాబట్టి కాల్చిన కొమ్ములో ఆసరోన్ తగ్గి ఉండాలి. ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి ఒకే రేకు చాలు: ఒక చుక్క పచ్చి కొమ్ము సారం, దాని పక్కన కాల్చిన కొమ్ము సారం, మూడోది శుద్ధమైన బీటా ఆసరోన్. రేకును ముందు 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టి, పచ్చగా మెరిసే నేల మీద నల్లని నీడలా ఆసరోన్ ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ తరువాతే ఎంజైమ్ చల్లాలి.